తాళము వేసిన ఇల్లు

రామంతాపూరులో మా వీధి చివర మా అన్నగారి ఇల్లు కలదు. ఆయన కాలము చేసిన పిదప వదినగారు న్యూజెర్సీలోని కుమారుని వద్ద ఉండుచు, ఏటేట జులై నెలలో కొడుకును, కోడలిని, మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చి, మూడు వారములు ఆ యింట గడపి, మరల విమానమెక్కుదురు. తక్కిన సంవత్సరమంతయు ఆ ఇల్లు తాళము వేసియుండును. తాళపుచెవి నా వద్ద నుండును. తార్నాక, హబ్సిగూడ, రామంతాపూరు వీధులలో ఇట్టి ఇండ్లు ఒకటి రెండు కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పినవారును, 1944లో పుట్టి నేడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ యనబడు పరిశోధనాలయమునను, 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార సంస్థయందును, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయందును జీవితకాలము పనిచేసినవారును, భవిష్యనిధి సొమ్ముతో కట్టుకొనిన ఆ ఇండ్లు, పిల్లలు సముద్రములు దాటుటచే, ఏటికొక్కమారు తెరువబడు వేసవి విడుదులవంటివైనవి. వానిని మనము ఖాళీ ఇండ్లని వ్యవహరింతుము. పదునాలుగేండ్లు ఆ తాళపుచెవిని దాచిన పిమ్మట ఆ మాటను నేను వాడజాలను.

ఒక సంవత్సరము వేసవియంతయు నేను రాజమహేంద్రవరమున మా అమ్మాయి ఇంట నుండవలసివచ్చుటచే, డెబ్బది దినములు ఆ ఇంటి గడప తొక్కినవారే లేరు. జూన్ మూడవ వారమున, తొలకరి జల్లులు రెండు పడిన తరువాత, తలుపు తీయబోగా తాళపుచెవి రంధ్రములోనికి దిగలేదు. వంగి చూచితిని. రంధ్రపు ముఖమున ఎండిన మట్టి బిళ్ల, మేస్త్రీ తాపీతో మెత్తినంత నునుపుగా, అంచులు చక్కగా కలియునట్లు అతికియున్నది. నా భార్య తలలోని పిన్ను తీసి ఇయ్యగా దానితో మెల్లగా తవ్వితిని. మట్టి పొడియై రాలెను. దాని వెనుకనుండి నా అరచేతిలోనికి చిన్న చిన్న సాలెపురుగులు ఒకదానివెంట నొకటి జారిపడెను. లెక్కింపగా పదకొండు. అవి కాళ్లు ముడుచుకొని చచ్చినవానివలె పడియున్నవే గాని కుళ్లు వాసన లేదు, ఎండిన జాడ లేదు. పిన్ను కొనతో తాకగా ఒకదాని కాలి చివర కంపించెను. వానిలో లావుపాటి దాని పొట్టకు బియ్యపు నూకవంటి తెల్లని పురుగొకటి అంటుకొనియుండెను.

అది సన్నని నడుము గల నల్లని కందిరీగ చేసిన పని. ఈ జాతి ఆడ కందిరీగ తడిమట్టిని ఉండచేసి నోట కరచుకొని వచ్చి, గోడలోని చీలికనో, వెదురుబొంగు తొర్రనో, మన తాళపు రంధ్రమునో గదిగా మార్చుకొనును. పిదప సాలెపురుగులను వేటాడి, కొండితో కుట్టి, చావకుండ కదలకుండ చేసి, ఆ గదినిండ పేర్చి, గుడ్డొకటి పెట్టి, పైన మట్టితో మూయును. చంపి పేర్చిన ఆహారము మన ఎండలకు రెండు దినములలో చెడిపోవును. పక్షవాతము పాలైన ప్రాణి వారముల తరబడి చెడక నిలుచును. గుడ్డునుండి వెడలిన పిల్లపురుగు ఆ నిల్వను ఒక్కొక్కటిగా తిని, తన చుట్టు గూడల్లుకొని, రెక్కలు వచ్చిన పిదప మట్టిని కొరికి వెలికి వచ్చును.

మన పూర్వులు దీనినే చూచి భ్రమరకీటన్యాయమని పేరు పెట్టిరి. భ్రమరము కీటకమును తెచ్చి మట్టిగూటిలో బంధించును, ఆ కీటకము భయముచే భ్రమరమునే ధ్యానించి ధ్యానించి తుదకు తానే భ్రమరమగును, జీవుడును అట్లే బ్రహ్మమును ధ్యానించి బ్రహ్మమగును అని వేదాంతులు చెప్పిరి. లోపలికి పోయినది పురుగు. వెలికి వచ్చినది కందిరీగ. నడుమ జరిగినది మట్టి మాటున జరిగినది. కంటికి కనబడినంతవరకు ఆ పరిశీలనయందు దోషము లేదని నేను గట్టిగా నమ్ముదును. గూటిని మధ్యలో విప్పి చూచువాడొక్కడు కావలసియుండెను. ఆ ఓపిక గలవారిలో 19వ శతాబ్దపు ఫ్రెంచి పరిశీలకుడు ఝాన్ ఆన్రీ ఫాబ్ర్ అగ్రగణ్యుడు. ప్రొవాన్సు ఎండలలో ఇసుకగట్ల ప్రక్కన గంటలకొలది కదలక కూర్చుండి, వేటకందిరీగల నడవడిని ఆయన వ్రాసిపెట్టినాడు. ఆ మార్గముననే నేనును ఆ తెల్లని పురుగును దాని పదకొండు సాలెపురుగులతో కూడ ఒక ఖాళీ మందుసీసాలో వేసి, మూతికి దూది పెట్టి, మా ఇంటి కిటికీ గట్టున నిలిపితిని.

అంత చిన్న మట్టి బిళ్ల తాళపుచెవిని ఆపుటతో తృప్తిపడెను గాని, అన్ని చోట్లను అట్లు జరుగలేదు. 1996 ఫిబ్రవరి 6వ తేదీన డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెర్తో ప్లాతానుండి లేచిన బోయింగ్ 757 విమానము కొద్ది నిమిషములలోనే సముద్రమున కూలి, అందున్న 189 మందియు మరణించిరి. గాలివేగమును కొలుచు గొట్టములలో ఒకటి మూసుకొనిపోయి వేగమును తప్పుగా చూపినది. ఎగురక నిలిచియున్న దినములలో ఆ గొట్టమునకు తొడుగు వేయకపోవుటచే, మట్టిగూడు కట్టు కందిరీగ దానిలో ప్రవేశించియుండునని దర్యాప్తు చేసినవారు అనుమానించిరి. మనుష్యుడు వాడక వదలిన రంధ్రమేదియు చిరకాలము వాడుక లేక ఉండదు.

తలుపు తెరచుకొనగానే ముక్కునకు తగిలినది మురుగు వాసన. అది స్నానాలగదినుండి వచ్చుచున్నది. నేలమీది జాలీ చుట్టును బొద్దింకలు కాపురము పెట్టియున్నవి. ఇచట మన ప్లంబర్లు నహానీ ట్రాపని పిలుచు వస్తువును గూర్చి కొంత చెప్పవలెను. స్నానపు నీరు పోవు గొట్టము తిన్నగా మురుగులోనికి దిగదు. నడుమ గిన్నెవంటి వంపొకటి యుండి, అందు ఎల్లప్పుడును రెండంగుళముల నీరు నిలిచియుండును. ఆ నీరే తలుపు. మననుండి క్రిందికి పోవు నీటికి అది దారి యిచ్చును. క్రిందినుండి పైకి వచ్చు దుర్వాయువును, పురుగును అది ఆపును. నిత్యము స్నానము చేయు ఇంట ఆ తలుపు నిత్యము క్రొత్తది యగుచుండును. తాళము వేసిన ఇంటిలో, పగటి వేడి సగటున 39 డిగ్రీలను చేరు హైదరాబాదు మే నెలలో, ఆ రెండంగుళముల నీరు కొన్ని వారములకే ఆవిరియై పోవును. వీధితలుపునకు రెండు తాళములు వేసి ఊరికి పోయిన గృహస్థు, తనకు తెలియకయే, నేలక్రింది తలుపును బార్లా తెరచిపెట్టి పోయినవాడగును.

దీనికి విరుగుడు మా వీధి ప్లంబరు చెప్పినాడు. "సార్, ఊరికి పోయేముందు అన్ని ట్రాపుల్ల ఓ మగ్గు నీళ్లు పోసి, పైకెల్లి రెండు చెంచాల నూనె ఎయ్యిండ్రి. నూనె పైన తేలుతది, నీళ్లు ఎండయి." అతని మాటలో భౌతికశాస్త్రమంతయు నున్నది. నూనె నీటికన్న తేలిక గనుక పైన పొరగా పరచుకొని, నీటికి గాలి తగులనీయదు. తగులకున్న ఆవిరి కాదు. ఆ పొరయే దోమపిల్లలకు ఊపిరి అందనీయదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ మొట్టమొదట చూచినది 1897 ఆగస్టు 20వ తేదీన, మాకు ఆమడ దూరము లేని సికింద్రాబాదుననే. ఆయన పేరిట బేగంపేటలో నున్న సంస్థను ఉస్మానియా విశ్వవిద్యాలయమే నడుపుచున్నది. అట్టి ఊరిలో నిలువనీటిని మరచి తాళము వేయుట తగదు.

ఇక దీపపు సంగతి. "బాబాయ్, వరండా లైటు మాత్రం ఆర్పకండి, ఇంట్లో మనుషులున్నారనుకోవాలి" అని మా అన్నగారి కుమారుడు ఫోనులో మరీ మరీ చెప్పుటచే, ఆ తెల్లని ట్యూబులైటు డెబ్బది రాత్రులు వెలిగెను. దొంగలు రాలేదు. పురుగులు వచ్చినవి. పురుగులకొఱకు బల్లులు వచ్చినవి. నేను చేరిన సాయంకాలమున ఆ గోడమీద ఏడు బల్లులను లెక్కించితిని. కిటికీచట్రము వెనుక గుండ్రని తెల్లని గుడ్లు, రెండేసి జతలుగా, సుద్దముక్కలవలె గట్టిగా నుండెను. బల్లి పలికిన సత్యమనుటయు, మీదపడిన ఏ అవయవమున పడినదో గౌళిశాస్త్రమును చూచుటయు మనకు అలవాటు. ఆ ప్రాణి గోడను పట్టుకొను విధము అంతకన్న ఆశ్చర్యకరమైనది. దాని వ్రేళ్లలో జిగురు లేదు, కొక్కెము లేదు. టోకే యను పెద్దబల్లి ఒక్కొక్క పాదమున సుమారు 5 లక్షల సూక్ష్మరోమములున్నవి. ఒక్కొక్క రోమపు కొన వందలాది శాఖలుగా చీలియున్నది. ఆ శాఖలు గోడకు అత్యంత సమీపమునకు పోయి, అణువునకు అణువునకు నడుమ గల, వాన్ డర్ వాల్స్ పేరు పెట్టబడిన స్వల్పాకర్షణతో నిలుచునని కెల్లర్ ఆటమ్ మొదలైనవారు 2000 తరువాతి సంవత్సరములలో నిరూపించిరి. అది విషజంతువును కాదు. దాని కడుపులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులుండవచ్చును గనుక దాని రెట్ట పడిన ఆహారమును పారవేయుట యుక్తము. దానిని చంపుట యుక్తము కాదు.

ఇల్లు మన దృష్టిలో ఇల్లు. బల్లికి, పావురమునకు, గబ్బిలమునకు అది నీడ గల కొండచరియ. అవి ఆదినుండి రాతిపగుళ్లలోను గుహలలోను నివసించిన జాతులు. దక్కను పీఠభూమిమీది ఈ గ్రానైటు గుండ్లు వాని పాత నివాసములు. ఉస్మానియా ప్రాంగణమున, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల వెనుక భాగములలో, ఆ గుండ్లును, పొదలును, నెమళ్ల కూతలును నేటికిని మిగిలియున్నవి. రామంతాపూరు పెద్దచెరువు, చిన్నచెరువు, దక్షిణమున మూసీనది గట్టు, వీని నడుమ ఇండ్లు మొలచినవి. గుండ్లు పగులగొట్టి పునాదులు వేసితిమి. ఆ గుండ్లలోనివారు గోడలకు వచ్చిరి. ఉడుతలు ఎగ్జాస్టు ఫ్యాను గూటిలో పీచు పేర్చుట, ఎండకాలమున చెట్టుకప్ప ఫ్లష్ ట్యాంకు చల్లదనమున దాగుట, నలికిరి మెట్లమీద జారిపోవుట, అన్నియు ఈ కథలోని భాగములే.

దీపము పురుగులను, పురుగులు బల్లులను పిలువగా, బల్లులు పిలిచిన అతిథిని మరునాడు ఉదయమున చూచితిమి. స్నానాలగది కడుగబోయిన పనిమనిషి బక్కెట జరిపి, "అయ్యగారూ, కట్లపాము!" అని కేకవేసి వెలికి పరుగెత్తెను. మూరెడు పొడవు, గోధుమవన్నె మేను, దానిపై తెల్లని అడ్డపట్టెలు. ప్రక్కింటి కుర్రవారిద్దరు కర్రలతో వచ్చిరి. ముప్పది సంవత్సరముల క్రిందట ఆ వీధిలోనే అటువంటి దానినే పదిమంది చుట్టుముట్టి కొట్టి చంపగా, నేనును ఆ పదిమందిలో నిలిచియుండి నోరు మెదపనైతిని. అది కట్లపాము కాదని తరువాత చాలకాలమునకు గాని నాకు తెలియలేదు, తెలిసిననాటినుండి ఆ దృశ్యము నన్ను విడువలేదు. కావున ఈసారి కర్రలు దింపించి, తలుపు మూసి, క్రింది సందును తడిగుడ్డతో కూరి, నగరమున పాములను పట్టి విడిచిపెట్టు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి ఫోను చేయించితిని. వచ్చిన యువకుడు గడపనుండియే టార్చి వేసి చూచి, "ఇది విషం లేనిదండీ, బల్లుల కోసం వచ్చింది" అనెను.

అతడు చూపిన గుర్తులివి. ఈ పాము పట్టెలు మెడవద్దనే ఆరంభమై అచట స్ఫుటముగా నుండి, తోకవైపునకు మాసిపోవును; తల చదును, కన్ను నల్లపూసవలె ఉబ్బియుండును. కట్లపామునకు మెడవద్ద పట్టెలుండవు లేక అస్పష్టముగా నుండును. కొంత దూరము పోయిన పిదప సన్నని తెల్లగీతలు తరచుగా జంటలుగా మొదలై, తోకవైపునకు తేటపడును. నడివీపు వెంబడి పెద్ద ఆరుకోణముల పొలుసుల వరుస యుండును. ఈ గుర్తులు దూరమునుండి తీసిన ఫోటోలో చూడదగినవే గాని దగ్గరకు పోయి సరిచూడదగినవి కావు. తెలిసినవాడు వచ్చి చెప్పువరకు పట్టెల పాము ప్రతిదియు కట్లపామే అనుకొని దూరముగా నుండవలెను. ఆ చిన్నపామునకు 1758లో లినేయస్ పెట్టిన రెండవ పేరు ఔలికస్. రాజసభకు, భవనమునకు చెందినదని దాని అర్థము. తోడేలువంటి పళ్లున్నవని తరువాతివారు దానికి లైకోడాన్ అని ఇంటిపేరు చేర్చిరి.

నిజమైన కట్లపాము ఇంట చేరినచో అది వేరు సంగతి. 2000 నుండి 2019 వరకు మనదేశమున పాముకాటువలన ఏటికి సగటున 58,000 మంది మరణించినట్లు 2020లో ప్రకటితమైన అంచనా చెప్పుచున్నది. వారిలో అత్యధికులు పల్లెవాసులు. కట్లపాము రాత్రివేళ తిరుగును, నేలమీద నిద్రించువారిని కరచును. ఆ కాటునకు నొప్పి గాని వాపు గాని అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, పిమ్మట కనురెప్పలు వాలుట, మ్రింగుడు పడకపోవుట, తుదకు ఊపిరి కండరములు చచ్చుపడుట. కాటు గుర్తు కనబడలేదని ఆలస్యము చేయరాదు. కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక, విరుగుడు మందు గల పెద్ద ఆసుపత్రికి తక్షణము చేర్చవలెను. ఏడాదికొకసారి వచ్చువారు పరుపులు సర్దుకొనులోపల మొదటి రాత్రి చల్లని నేలమీద పడుకొనుట వాడుక. మంచమును, దోమతెరను ముందే సిద్ధపరచుట నేను ఆ సంవత్సరమునుండి విడువలేదు.

కట్లపాముల జాతికి ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు వాడు పేరు తెలుగుమాట అని మనలో ఎందరికి తెలియును? 18వ శతాబ్దాంతమున ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా విశాఖపట్టణమున నున్న పాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో వెలువరించిన బృహద్గ్రంథమున, ఇచటివారు చెప్పిన పేర్లనే లిపిబద్ధము చేసినాడు. నేడు రస్సెల్ పేరు మోయుచున్న రక్తపింజరిని ఆయన కాటుక రేకుల పొడ అనియే వ్రాసెను. పసుపు నలుపు పట్టెల పెద్దపామును బంగారు పామనిరి. ఆ బంగారమునుండియే 1803లో దోదాన్ అను ఫ్రెంచివాడు బుంగారస్ అను జాతినామమును కల్పించెను. మన పందికొక్కు సైతము అట్లే బ్యాండికూట్ యై ఇంగ్లీషులో చేరి, బ్యాండికోటా యను శాస్త్రనామమై, ఆస్ట్రేలియాలో పొట్టసంచి గల వేరొక జంతువునకు కూడ పేరైనది. పాము ఎక్కడ తిరుగునో, పందికొక్కు ఏ గోడక్రింద తవ్వునో చూచి పేరు పెట్టినవారు మన రైతులు, మన యానాదులు, మన గృహిణులు. ఆ పేర్లు మనము మరచి, పట్టెలున్న దానినెల్ల కట్లపామని కొట్టుచున్నాము. ఈ మరపు నన్ను బాధించును.

పందికొక్కు మా అన్నగారి ఇంట వెనుక ప్రహరీ క్రింద బొరియ తవ్వి మట్టిని కుప్పపోసినది. దానిని, చుంచెలుకను ఒక్కటిగా చూడరాదు. చుంచెలుక ఎలుక కాదు; పొడవైన ముట్టెతో గోడవెంబడి కిచకిచలాడుచు పోవు ఆ కస్తూరి కంపు జీవి బొద్దింకలను తినును. ఒక రాత్రి వంటగదిలో తల్లి చుంచెలుక ముందు నడువగా, మూడు పిల్లలు ఒకదాని తోకమొదలు నొకటి పండ్లతో పట్టుకొని, చిన్న గొలుసువలె పొయ్యిగట్టు క్రింద సాగిపోవుట చూచి నేను దీపము ఆర్పి నిలిచిపోతిని. జిగురు అట్టలు ఎలుకను, చుంచెలుకను, బల్లిని, పామును ఒక్క తీరున పట్టి దినములకొలది చిత్రవధ చేయును. అట్టి వస్తువును ఏ ఇంటనైనను పెట్టుట నాకు సమ్మతము కాదు. రక్తమును గడ్డకట్టనీయని ఎలుకమందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబయు చచ్చును. పాములు నాఫ్తలీన్ ఉండల వాసనకు పారిపోవునన్నది వట్టి నమ్మకము.

సందులు మూయుటయే పని. పెన్సిలు దూరునంత సందు చాలును, చిట్టెలుక వచ్చును. ఏసీ గొట్టము వచ్చు రంధ్రమునకు సిమెంటు, తలుపు క్రింద రబ్బరు పట్టీ, ఎగ్జాస్టు ఫ్యానునకును ట్యాంకు పొంగుగొట్టమునకును సన్నకన్ను ఇనుపజాలీ. ఇవన్నియు ఒక ఆదివారపు పని. ఉడుత గూటిలో పిల్లలున్నచో ఆ పని నెలరోజులు ఆగవలెను. వరండా దీపమునకు పసుపువన్నె బల్బు పెట్టి, కదలిక ఉన్నప్పుడే వెలుగునట్లు చేయించితిని. తరువాతి ఏడు గోడమీద రెండే బల్లులున్నవి.

సీసాలోని పురుగు అయిదు దినములలో సాలెపురుగులన్నిటిని తిని, గోధుమవన్నె గూటిలో దాగెను. వదినగారు వాళ్లు వచ్చిన మొదటి వారమున, నేను సీసాను కిటికీ గట్టున నిలిపిన ఇరువది యెనిమిదవ నాడు, మనుమరాలు కిటికీవద్ద నిలిచి, "చిన్నతాతయ్యా, ఇందులో ఏదో కదులుతోంది!" అని పిలిచెను. గూటికొనను కొరికి నల్లని తల యొకటి వెలికి వచ్చియున్నది. సీసాను అన్నగారి ఇంటి వరండాలోనికి తీసికొనిపోయి దూది తీసితిమి. కందిరీగ అంచున కూర్చుండి, మీసములను ముందుకాళ్లతో పలుమారులు తుడుచుకొని, ఎగిరి, వీధితలుపుమీద వ్రాలెను. తాళపు రంధ్రమునకు ఆ నెలలోనే ఇత్తడి మూత పెట్టించితిని. ఆ మూత అంచును అది మీసములతో చుట్టుకొలత తీయుచున్నంతసేపును పిల్ల ఊపిరి బిగబట్టి చూచుచుండెను.